మూడో సీసాలో తక్కువ పడింది

నాన్న నా పక్క సీట్లో ఉన్నాడు. హెడ్‌సెట్ ఆయన తలకి కాస్త వదులు. ఒక చేత్తో దాన్ని, ఇంకో చేత్తో సీటు అంచుని పట్టుకుని కూర్చున్నాడు. ఎదురుగా ఖాళీ రన్‌వే. థ్రాటిల్ పూర్తిగా ముందుకి తోశాను. విమానం కదిలి వేగం అందుకుంటోంది. అప్పుడు ఇంజిన్ ఒణికింది.

పెద్ద శబ్దమేం రాలేదు. గతుకుల్లో పడ్డ ఆటోలా ఒక కుదుపు, ఆ వెంటనే ఇంకోటి. ఆర్‌పీఎం సూది 2300 దాటాలి. దాటలేదు, దానికి కిందే ఊగుతోంది. వేగం ఇంకా 30 నాట్లు కూడా లేదు. థ్రాటిల్ వెనక్కి లాగేశాను. బ్రేకులు మెల్లగా నొక్కి, రేడియోలో ఒక మాట చెప్పి, పక్క దారిలోకి తిప్పాను.

"ఏంటమ్మా, ఆపేశావ్?"

"ఇంజిన్ సరిగ్గా లేదు నాన్నా."

"ఎన్ని సిలిండర్లు?"

"నాలుగు."

"అయితే ఒకటి మిస్సింగ్ కొడుతోంది" అన్నాడు, తెనాలి బస్ డిపోలో 31 ఏళ్లు డీజిల్ మెకానిక్‌గా చేసిన మా నాన్న. భయపడతాడేమో అనుకున్నా. ఆయన మొహంలో భయం లేదు. డ్యూటీలో ఉన్నప్పటి మొహం పెట్టాడు.

నా గురించి రెండు ముక్కలు. డల్లాస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. రెండేళ్లు శనాదివారాలన్నీ పోసి, పోయినేడాది ప్రైవేట్ పైలట్ లైసెన్స్ తెచ్చుకున్నాను. అమ్మానాన్నా రెండు నెలల కోసం వచ్చారు. రోజూ ఏదో ఒకటి అడ్డం. ఒకరోజు గాలి, ఒకరోజు మబ్బు, ఒకరోజు ఆఫీసులో ప్రొడక్షన్ ఇష్యూ. చివరికి కుదిరింది ఈ శనివారం. సోమవారం వాళ్లకి హైదరాబాద్ ఫ్లైట్. "నేను నేల మీదే ఉండి ఫొటోలు తీస్తా" అని అమ్మ ముందే తప్పుకుంది.

అంటే అర్థమైంది కదా, నా మీద ఎంత ఒత్తిడి ఉందో. ఐడిల్‌లో పెడితే ఇంజిన్ వెన్నపూసలా తిరుగుతోంది. మళ్లీ 1800 ఆర్‌పీఎం దగ్గర పెట్టి రెండు మాగ్నెటోలూ చెక్ చేశా. అంతా నార్మల్. 'ఇంకోసారి ట్రై చేద్దాం, ఈసారి బాగానే ఉంటుందేమో' అని మనసు లాగుతోంది. రీస్టార్ట్ చేయగానే మాయమైన బగ్‌ని క్లోజ్ చేసేసి, అర్ధరాత్రి రెండింటికి ఫోన్ మోగితే లేచిన అనుభవం నాకుంది. అక్కడ పోయేది నిద్ర. ఇక్కడ పక్క సీట్లో నాన్న.

హ్యాంగర్ వైపు తిప్పాను.

పెట్రోల్ వెళ్లే దారి

ఇది సెస్నా 172ఎస్. నాలుగు సీట్లు, పైన రెక్కలు, 180 హార్స్‌పవర్ లైకమింగ్ ఇంజిన్. జెట్ కాదు, పిస్టన్ ఇంజిన్. మన కారులో ఉండే సూత్రమే. రెండు రెక్కల్లోనూ ట్యాంకులుంటాయి. మొత్తం 56 గ్యాలన్లు పడుతుంది, వాడుకోగలిగేది 53, అంటే సుమారు 200 లీటర్లు. మిగతా మూడు గ్యాలన్లు ట్యాంకులో ఉన్నా ఇంజిన్ దాకా వస్తాయన్న గ్యారంటీ లేదు. ఉండీ లేనట్టే లెక్క.

రెక్కలు పైన ఉండటంతో పెట్రోల్ దాని బరువుకి అదే కిందికి దిగుతుంది. సీట్ల మధ్య నేల మీద ఒక సెలెక్టర్ ఉంటుంది: ఎడమ ట్యాంకు, కుడి ట్యాంకు, రెండూ. అక్కణ్నుంచి చిన్న రిజర్వాయర్, కరెంటు పంపు, షట్ఆఫ్ వాల్వ్, ఫిల్టర్ గిన్నె, ఇంజిన్ తిప్పే పంపు. ఆ తర్వాత గాలిని కొలిచి దానికి తగ్గ పెట్రోల్ వదిలే ఫ్యూయల్ సర్వో. చివర్న పెట్రోల్‌ని నాలుగు భాగాలు చేసే ఒక డబ్బా. దాన్నుంచి నాలుగు సన్నటి గొట్టాలు నాలుగు సిలిండర్లకీ పోతాయి. కాళ్లు చాపిన సాలీడులా ఉంటుంది కాబట్టి మెకానిక్‌లు దాన్ని 'స్పైడర్' అనే పిలుస్తారు.

ఈ దారిలో ఎక్కడ అడ్డం పడినా పైన ఇంజిన్ ఆగుతుంది. విమానాల వాళ్లు ఇక్కడ ఒక తేడా చూస్తారు. ట్యాంకు ఖాళీ అయి ఆగడం ఒకటి. ట్యాంకులో ఉండి కూడా ఇంజిన్‌కి అందక ఆగడం ఇంకొకటి. అమెరికా రవాణా భద్రతా బోర్డు లెక్క ప్రకారం 2011 నుంచి 2015 దాకా చిన్న విమానాల్లో ఇంధనం సంగతి చూసుకోకపోవడం వల్ల జరిగిన ప్రమాదాలు ఏడాదికి సగటున 50కి పైనే. వాటిలో ఎక్కువ మొదటి రకం. నమ్మబుద్ధి కాదు గానీ, నిజంగానే పెట్రోల్ అయిపోయి ఆగినవి.

రెండో రకంలో నాకు బాగా నచ్చే ఉదాహరణ మా ఇంటిదే. నా చిన్నప్పుడు నాన్న బజాజ్ చేతక్ ప్రతి రెండు కిలోమీటర్లకీ ఆగిపోయేది. కిక్ కొట్టి కొట్టి కాళ్లు నొప్పులు. ట్యాంకు నిండా పెట్రోల్. ఒకరోజు నాన్న ట్యాంకు మూత తీస్తే 'హుస్స్' మని గాలి లోపలికి పీల్చుకుంది. మూతకి గాలి రావడానికి ఉన్న చిన్న రంధ్రం మట్టితో మూసుకుపోయింది. పెట్రోల్ కిందికి దిగే కొద్దీ పైన ఖాళీ ఏర్పడుతుంది. అందులోకి గాలి రాకపోతే పెట్రోల్ దిగడం మానేస్తుంది. పిన్నీసుతో ఒక పోటు పొడిస్తే చేతక్ మళ్లీ గుర్రమే.

సెస్నాకి ఆ రంధ్రం ఎడమ రెక్క కింద, స్ట్రట్ దగ్గర వంపు తిరిగిన గొట్టంలా ఉంటుంది. మట్టితో గూళ్లు కట్టే కందిరీగలకి ఆ సైజు గొట్టం అంటే ప్రాణం. నాలుగు రోజులు విమానం ఎగరకుండా ఉంటే చాలు, లోపల కాపురం పెట్టేస్తాయి. అందుకే ప్రతిసారీ వంగి ఆ గొట్టంలోకి తొంగి చూడాలి. ఆ రోజు పొద్దున నేను వంగి చూస్తుంటే, ఎందుకో చెప్పకముందే నాన్న "చేతక్!" అన్నాడు.

పదమూడు చోట్ల

పొద్దున నాన్నకి వింతగా అనిపించింది ఇంకొకటి ఉంది. ఈ విమానానికి పెట్రోల్ శాంపిల్ తీసే చోట్లు మొత్తం పదమూడు. ఒక్కో రెక్క కింద అయిదు, పొట్ట కింద మూడు. చిన్న ప్లాస్టిక్ గ్లాసుతో ఒక్కోచోట నొక్కి కొంచెం పట్టి, వెలుతురులో చూడాలి.

వెతికేది నీళ్ల కోసం. రాత్రి చల్లబడినప్పుడు ట్యాంకు లోపలి గాలిలో తేమ నీరవుతుంది. మూత రబ్బరు పాతబడితే వాన నీరు దిగుతుంది. నీరు పెట్రోల్ కంటే బరువు కాబట్టి అడుగుకి చేరుతుంది. గ్లాసులో అడుగున చిన్న ముత్యంలా కనబడుతుంది.

ఇక్కడ కొత్తవాళ్లు పడే గుంట ఒకటుంది. నీరూ పెట్రోలూ రెండూ వస్తే మధ్యలో గీత కనబడుతుంది. గ్లాసు మొత్తం నీళ్లే వస్తే? గీత ఉండదు. చూడ్డానికి శుభ్రంగా ఉంటుంది. 'ఎర్రర్లు లేవు' అని లాగ్ చూసి సంబరపడి, తీరా చూస్తే అసలు సర్వీసే నడవట్లేదని తెలిసినట్టు. అందుకే రంగు చూడాలి. ఈ పెట్రోల్ పేరు 100ఎల్ఎల్. గుర్తుపట్టడానికే దానికి నీలం రంగు కలుపుతారు. నీలం లేదంటే అనుమానించాలి. వాసన కూడా చూడాలి.

మన దేశంలో ఈ నీలం పెట్రోల్ 2022 దాకా పూర్తిగా దిగుమతే. ఆ ఏడాది సెప్టెంబరులో ఇండియన్ ఆయిల్ గుజరాత్ రిఫైనరీలో తయారైనది విడుదల చేసింది. ఇప్పుడు ట్రైనింగ్ విమానాలకి అదీ దొరుకుతోంది. బేగంపేట మీద గిరగిరా తిరిగే ట్రైనింగ్ విమానాల్ని చూస్తూ పెరిగిన హైదరాబాద్ పిల్లలకి ఇది చెప్పాలనిపించింది, అంతే.

రంగు ఇంకో ప్రమాదం కూడా చెబుతుంది. బాబ్ హూవర్ అని ఒక మహానుభావుడు ఉండేవాడు. రెండో ప్రపంచ యుద్ధంలో ఫైటర్ పైలట్, తర్వాత ఎయిర్‌షోల్లో ఇంజిన్లు ఆపేసి విన్యాసాలు చేసిన మనిషి. 1978లో కాలిఫోర్నియాలో షో అయ్యాక ఆయన విమానంలో పెట్రోల్ నింపే కుర్రాడు, దాన్ని చూసి టర్బైన్ ఇంజిన్ అనుకుని జెట్ ఇంధనం పోసేశాడు. గొట్టాల్లో మిగిలిన మంచి పెట్రోల్‌తో విమానం లేచింది. అది అయిపోగానే రెండు ఇంజిన్లూ ఆగాయి. హూవర్ ఒక లోయలో దింపాడు. విమానం దెబ్బతింది, మనుషులు బతికారు. వెనక్కొచ్చి ఆ కుర్రాడి భుజం మీద చెయ్యేసి, రేపు నా ఇంకో విమానానికి నువ్వే పెట్రోల్ నింపాలి, ఇక నీ అంత జాగ్రత్తగా ఎవరూ ఉండరు అన్నాడట. ఆ తర్వాతే జెట్ ఇంధనం పైపులకి వెడల్పు మూతి వచ్చింది. పిస్టన్ విమానం ట్యాంకు నోట్లో అది పట్టదు. ఆ మూతిని 'హూవర్ నాజిల్' అనే అంటారు. మా ఆఫీసులో ఎవరైనా డేటాబేస్‌లో తప్పు కమాండ్ కొడితే నేను చెప్పే కథ ఇదే. మనిషిని తిట్టి వదిలేస్తే పైపు మూతి మారదు.

జెట్ ఇంధనం కలిసిందేమో అని అనుమానం వస్తే చేసే పరీక్ష మన వంటింటి పద్ధతిలోనే ఉంటుంది. తెల్ల కాగితం మీద ఒక చుక్క వేయాలి. మంచి పెట్రోల్ అయితే ఆవిరైపోతుంది. జెట్ ఇంధనం ఉంటే బజ్జీల పొట్లం మీద నూనె మరకలాంటిది మిగులుతుంది.

మా శాంపిల్స్ పదమూడూ నీలంగా, శుభ్రంగా ఉన్నాయి. అంటే నీళ్లు కాదు, తప్పు ఇంధనం కాదు. మరి ఒణుకు ఎక్కణ్నుంచి?

మందు వేస్తే ముందు ముదిరింది

హ్యాంగర్ దగ్గర మెకానిక్ కోసం ఎదురుచూస్తున్నప్పుడు నాన్న అడిగాడు, "ఇట్లా ఇంతకుముందు ఎప్పుడైనా అయిందా?" అని. అమ్మ పక్కనే ఉంది కాబట్టి 'లేదు' అనేశా. అబద్ధం. ట్రైనింగ్‌లో ఒకసారి అయింది.

అది పాత మోడల్, 172ఎన్. దానికి కార్బ్యురేటర్ ఉంటుంది. చల్లటి పొద్దు, గాలిలో తేమ ఎక్కువ. థ్రాటిల్ తగ్గించి ఎత్తు దిగాం. మళ్లీ సమంగా ఎగురుతుంటే ఆర్‌పీఎం దానంతటదే జారుతోంది. నేను ఏం ఆలోచించకుండా థ్రాటిల్ కొంచెం పెంచా. మళ్లీ జారింది. మళ్లీ పెంచా. మా ఇన్‌స్ట్రక్టర్ నా చెయ్యి పట్టుకుని ఆపాడు. "రోగాన్ని దాచేస్తున్నావ్" అన్నాడు. మెమరీ లీక్ ఉన్న సర్వర్‌కి ర్యామ్ పెంచుకుంటూ పోయినట్టు.

జరుగుతున్నది ఏంటంటే, కార్బ్యురేటర్ లోపల మంచు కడుతోంది. పెళ్లి వంటల దగ్గర చూసే ఉంటారు. పెద్ద పొయ్యికి పెట్టిన గ్యాస్ సిలిండర్ బయట మంచు పేరుకుంటుంది, దాన్ని వేడినీళ్ల తొట్టెలో పెడతారు. ద్రవం ఆవిరవుతూ చుట్టూ ఉన్న వేడిని లాగేసుకుంటుంది. కార్బ్యురేటర్‌లోనూ అంతే. పైగా ఇరుకు దారిలో గాలి వేగంగా వెళ్లి ఇంకా చల్లబడుతుంది. బయట 20 డిగ్రీలున్నా లోపల సున్నా కిందికి పోవచ్చు. ఎండాకాలం బట్టల్లో ఉన్న మనిషికి మంచు గుర్తుకే రాదు, అదే చిక్కు.

దీనికి మందు 'కార్బ్ హీట్' అనే నాబ్. లాగితే ఎగ్జాస్ట్ దగ్గర వేడెక్కిన గాలి లోపలికి వస్తుంది. లాగాను. ఇంజిన్ ఇంకా పాడైంది. ఆర్‌పీఎం ఇంకా పడింది, దగ్గు, ఒణుకు. నా చెయ్యి నాబ్‌ని వెనక్కి తోసెయ్యబోయింది. "ఉంచు" అన్నాడాయన. కరిగిన మంచునీళ్లు ఇంజిన్ మింగుతోందన్నమాట. బహుశా పదిహేను సెకన్లు. నాకు మాత్రం ఎంసెట్ రిజల్ట్ పేజీ లోడవుతున్నంత సేపు అనిపించింది. తర్వాత గొంతు సవరించుకున్నట్టు ఇంజిన్ మళ్లీ పాడింది. సరిగ్గా ఆ దగ్గు సమయంలో భయపడి నాబ్ వెనక్కి తోసేసే వాళ్లే ఎక్కువ ఇరుక్కుంటారట.

ఈ రోజు విమానానికి కార్బ్యురేటర్ లేదు, ఇంజెక్షన్. కాబట్టి అది కూడా కాదు.

ఏం మార్చారు?

మెకానిక్ వచ్చాడు. అరవై దాటిన టెక్సాస్ పెద్దాయన. ఇంజిన్ ముట్టుకోలేదు. మొదట లాగ్‌బుక్ తెరిచి, "ఈ మధ్య దీనికి ఏం మార్చారు?" అన్నాడు. మా టీమ్ లీడ్ అడిగే మొదటి ప్రశ్న కూడా అదే, అక్షరం తేడా లేదు. పది రోజుల క్రితం ఒక ఫ్యూయల్ గొట్టం మార్చినట్టు రాసి ఉంది. ఆయన 'ఊఁ' అన్నాడు, ఇంకేం అనలేదు.

తర్వాత నన్ను అడిగాడు. ఐడిల్‌లో ఎలా ఉంది? బాగుంది. 1800 దగ్గర? బాగుంది. ఒక్కో మాగ్నెటో మీద? రెండిట్లోనూ తగ్గాల్సినంతే తగ్గింది. ఫుల్ థ్రాటిల్‌లో? ఒణికింది.

ఈ విమానానికి క్లబ్ వాళ్లు తర్వాత పెట్టించిన ఇంజిన్ మానిటర్ ఉంది. నాలుగు సిలిండర్ల ఎగ్జాస్ట్ వేడిని నాలుగు గీతలుగా చూపిస్తుంది, రికార్డు కూడా చేస్తుంది. డేటా పెన్‌డ్రైవ్‌లోకి లాగి ల్యాప్‌టాప్‌లో గ్రాఫ్ వేశాను. ఐడిల్ నుంచి 1800 దాకా నాలుగు గీతలూ కలిసి నడిచాయి. ఫుల్ థ్రాటిల్ ఇచ్చిన క్షణం మూడోది మిగతా మూడిటిని వదిలేసి పైకి లేచింది.

ఎగ్జాస్ట్ ఎక్కువ వేడెక్కడానికి కారణాలు చాలా ఉంటాయి. ఆయన ఒక్కోటీ కొట్టేస్తూ వచ్చాడు. సిలిండర్‌కి రెండు స్పార్క్ ప్లగ్గులు, ఒక్కో మాగ్నెటోకి ఒకటి. ఒక ప్లగ్గు చచ్చి ఉంటే, మాగ్నెటో చెక్‌లో ఆ వైపు పెట్టగానే ఆ సిలిండర్ చల్లబడిపోవాలి. చల్లబడలేదు. కాబట్టి ప్లగ్గు కాదు. గాలి వచ్చే గొట్టంలో ఎక్కడో లీకా? లీకైతే ఐడిల్‌లో ఎక్కువ బాధపెడుతుంది, ఫుల్ థ్రాటిల్‌లో దాదాపు కనబడదు. మాది సరిగ్గా తిరగేసి ఉంది. పెట్రోల్ ఎక్కువ కావాల్సినప్పుడే మూడోదానికి చాలట్లేదు.

"కానీ ఫ్యూయల్ ఫ్లో మీటర్ ఎప్పటికంటే కొంచెం ఎక్కువే చూపించింది కదా" అన్నాను. నాకు అక్కడే తికమక.

ఆయన నవ్వాడు. డయల్ మీద 'ఫ్లో' అని రాసి ఉంది గానీ, ఈ పాత డయల్ నిజంగా కొలిచేది స్పైడర్ దగ్గర ఒత్తిడి. ఒత్తిడిని బట్టి ఫ్లో ఇంత ఉంటుందని లెక్కగట్టి అంకెలు అచ్చేశారు. మోటారు పైపు చివర బొటనవేలు అడ్డం పెట్టండి. ఒత్తిడి పెరుగుతుంది, నీళ్లు తగ్గుతాయి. నాజిల్ మూసుకుపోతే మీటర్ 'ఎక్కువ పోతోంది' అంటుంది, పోయేది తక్కువ. ఈ ఒక్క ముక్క కోసమైనా ఆ రోజు హ్యాంగర్‌కి వెళ్లడం దండగ కాలేదు. డాష్‌బోర్డ్ మీద పేరు చూసి నమ్మేసే జబ్బు మా వృత్తిలో అందరికీ ఉంది. ఆ అంకె ఎక్కణ్నుంచి వస్తోందో ఎవరూ అడగరు.

నేనివన్నీ నాన్నకి తెలుగులో చెబుతుంటే మధ్యలోనే ఆపాడు. "మేం అయితే ఒక్కో ఇంజెక్టర్ పైపు నట్టు కొంచెం లూజు చేస్తాం. ఇంజిన్ శబ్దం మారితే ఆ సిలిండర్ పనిచేస్తున్నట్టు. మారలేదంటే దొంగ అదే. ఆయన్నడుగు, ఇక్కడ కూడా అంతేనా?"

అడిగాను. ఆయన కళ్లు వెలిగాయి. తన పొలంలో డీజిల్ ట్రాక్టర్‌కి అలాగే చేస్తాడట. "దీనికి అలా కుదరదు, వేడి ఇంజిన్ మీద పెట్రోల్ పడితే మంటలొస్తాయి. దీనికి వేరే ఉంది" అని అల్మరాలోంచి నాలుగు సీసాలు తెచ్చాడు. పిల్లల ఆహారం వచ్చే చిన్న గాజు సీసాలు, నాలుగూ ఒకే సైజు.

నాలుగు సీసాలు

విమానాన్ని ఆరుబయటికి తోశాం. ఇంజిన్ చల్లారేదాకా ఆగాం. మంటలార్పే సిలిండర్ దగ్గర పెట్టుకున్నాం. ఆయన నాలుగు నాజిళ్లూ సిలిండర్ల నుంచి విప్పి, గొట్టాలకి అలాగే ఉంచి, ఒక్కోటీ ఒక్కో సీసాలోకి వంచాడు. మూడో సీసాని నాన్న పట్టుకున్నాడు. నన్ను కాక్‌పిట్‌లోకి పంపాడు. థ్రాటిల్ ఫుల్, మిక్చర్ ఫుల్, కరెంటు పంపు కొన్ని సెకన్లు ఆన్, ఆఫ్. ఇంజిన్ తిరగదు, పెట్రోల్ మాత్రం వస్తుంది. (లైసెన్స్ ఉన్న మెకానిక్ చేసే పని ఇది. ఇంట్లో బైక్ మీద ప్రయోగాలు వద్దు.)

దిగి వచ్చేసరికి సీసాలన్నీ బల్ల మీద వరసగా ఉన్నాయి. మూడింట్లో నీలం ఒకే ఎత్తులో ఉంది. మూడో నంబరు సీసాలో సగం కంటే కాస్త ఎక్కువ, అంతే. ఎవరూ ఏం మాట్లాడలేదు. నాన్న ఆ సీసా మీద వేలితో టకటకా కొట్టాడు.

నాజిల్ రంధ్రం గుండుసూది మొన కంటే పెద్దదేం కాదు. భూతద్దంలో చూస్తే నల్లటి నలుసు ఒకటి కనిపించింది. కొత్త గొట్టం బిగించినప్పుడు లోపల గీసుకుపోయిన రబ్బరు ముక్క అయ్యుంటుందని మెకానిక్ అభిప్రాయం. నాన్న జేబులోంచి పిన్నీసు తీయబోయాడు, చేతక్ అలవాటు. మెకానిక్ ఆయన చెయ్యి పట్టేసుకున్నాడు. తీగ పెట్టి పొడిస్తే రంధ్రం ఒక వెంట్రుక మందం పెద్దదైనా ఆ సిలిండర్‌కి జీవితాంతం ఎక్కువ పోతుంది. సాల్వెంట్‌లో నానబెట్టి, వెనక వైపు నుంచి గాలి కొట్టాలి. అంతే చేశాడు. ఫ్యూయల్ సర్వో నోటి దగ్గరుండే జల్లెడ కూడా విప్పి చూశాడు. అక్కడేం లేదు. నలుసు జల్లెడ దాటాక ఉన్న గొట్టంలోంచే వచ్చిందన్నమాట, మార్చింది ఆ గొట్టాన్నే.

ఇదంతా చూస్తున్నప్పుడు నాకు జాన్ డెన్వర్ గుర్తొచ్చాడు. 'కంట్రీ రోడ్స్' పాట పాడినాయన. 1997 అక్టోబరులో కాలిఫోర్నియా తీరంలో చిన్న విమానం సముద్రంలో పడి చనిపోయాడు. అది ఎవరో ఇంట్లో కట్టుకున్న విమానం, ఆయన అప్పుడే కొన్నాడు. కట్టినాయన ట్యాంకు మార్చే హ్యాండిల్‌ని పైలట్ ఎడమ భుజం వెనక పెట్టాడు. తిప్పాలంటే వెనక్కి మెలికపడాలి. హ్యాండిల్ అందట్లేదని ఆ రోజే ఎగిరే ముందు ఒక టెక్నీషియన్‌తో మాట్లాడాడు. అందుకోవడానికి ప్లయర్స్ పెట్టి చూశారు, కుదరలేదు. ఇంకొంచెం పెట్రోల్ పోయించుకోమంటే, గంటసేపే కదా, అక్కర్లేదన్నాడు. గాల్లో ట్యాంకు మార్చడానికి వెనక్కి తిరిగినప్పుడు కాలు రడ్డర్ మీద పడి విమానం అదుపు తప్పిందని దర్యాప్తు తేల్చింది. రోగం ముందే తెలుసు, చూసుకోవచ్చులే అనుకున్నారు. రన్‌వే పక్కన నిలబడి నేను అనుకోబోయింది కూడా అదే మాట.

మా ఇంజిన్ రన్‌వే మీద కాకుండా 300 అడుగుల ఎత్తులో ఒణికి ఉంటే? సెస్నా ఇంజిన్ లేకుండా 1000 అడుగులకి దాదాపు రెండున్నర కిలోమీటర్లు జారుతుంది. 300 అడుగుల్లో వెనక్కి తిరిగే ఆలోచన పెట్టుకోకూడదు. ఎదురుగా ఉన్నదాంట్లో మంచి చోటు చూసుకుని దింపాలి. మా రన్‌వేకి ఎదురుగా ఉన్నది ఒక స్కూలు, దాని పార్కింగ్. ఆ విషయం అమ్మకి ఇప్పటికీ చెప్పలేదు. ఇది చదివి తెలుసుకుంటుంది.

అన్నీ బిగించి, ఇంజిన్ స్టార్ట్ చేసి, విమానాన్ని కట్టేసి ఫుల్ థ్రాటిల్ ఇచ్చి చూశాడు. నాలుగు గీతలూ సమం. ఎక్కడా లీకు లేదు, లీకుంటే నీలం మరక కనబడేది. లాగ్‌బుక్‌లో రాసి సంతకం పెట్టేసరికి మధ్యాహ్నం మూడైంది. రన్‌వేకి అడ్డంగా గాలి మొదలైంది, నా లిమిట్ దాటేసింది. ఆ రోజుకి లేదు. నాన్న "ఏం పర్లేదులే" అన్నాడు గానీ, కారులో ఇంటిదాకా నాజిళ్ల గురించే మాట్లాడాడు.

ఆదివారం పొద్దున ఏడింటికల్లా మళ్లీ ఎయిర్‌పోర్ట్‌లో ఉన్నాం. గాలి లేదు. గ్లాసు నా చేతిలోంచి నాన్న తీసుకున్నాడు. పదమూడు చోట్లా ఆయనే వంగి, పట్టి, ఎండకి ఎత్తి చూసి, ఒక్కోటీ నాకు చూపించి లెక్కపెట్టాడు. ఎడమ రెక్క కింద గొట్టంలోకి ఫోన్ టార్చ్ వేసి మరీ చూశాడు. అమ్మ దూరం నుంచి "మీరు ఎగురుతారా, రిపేర్ షాపు పెడతారా?" అని అరిచింది.

ఫుల్ థ్రాటిల్. 2300 దాటింది. 55 నాట్ల దగ్గర ముక్కు లేపాను. చక్రాలు నేల వదిలాయి. స్కూలు మీదుగా, నీళ్ల ట్యాంకు మీదుగా పైకి. ఎండ రెక్క మీద పడింది, కింద చెరువు మెరుస్తోంది. ఈ క్షణం కోసం నేను రెండు నెలలు కాదు, రెండేళ్లు ఎదురుచూశాను.

"నాన్నా, కిందికి చూడు, ఎంత బాగుందో!"

"ఉండమ్మా" అన్నాడు. ఆయన కళ్లు ఇంకా మానిటర్ మీద మూడో గీత దగ్గరే ఉన్నాయి.